తీశాక తట్టు

బుధవారం ఉదయం పదకొండున్నరకు మార్కెట్ రెండో వరసలోని సెలూన్ షట్టర్‌ను బయటి నుంచి కిందికి లాగి తాళం వేశారు. అప్పటికి లోపల ఇద్దరు మనుషులున్నారు. ఒకరు సెలూన్ యజమాని. రెండో మనిషి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. అతని ముఖం మీద వేడి టవల్ ఉంది.

తాళం వేసింది మార్కెట్ అసోసియేషన్ అధ్యక్షుడు. ఆయనది అదే వరసలో రంగుల కొట్టు. తాళాలు కూడా అమ్ముతాడు. వేసిన తాళం ఆయన కొట్లోదే. పక్కన అసోసియేషన్ కార్యదర్శి ఉన్నాడు, సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

సెలూన్ యజమాని ముస్లిం. ఆ వరసలో ముస్లింల కొట్టు అదొక్కటే. గడ్డం గీయడం అయ్యాక వేళ్ల వెనకవైపుతో చెంప తడిమి, "నున్నగా వచ్చింది" అనడం అతనికి అలవాటు. అలా నున్నన్న అయ్యాడు. అసలు పేరు బోర్డు మీద ఉంది. ఆ పేరుతో పిలిచేవాళ్లు లేరు.

గొడవ ఒక పటం గురించి. సెలూన్‌లో అద్దం పైన నల్లగుడ్డ మీద పసుపు దారంతో కుట్టిన ఖురాన్ వాక్యం ఒకటి, గాజు పటంలో ఉంటుంది. రెండు పంక్తులు. కుట్టింది నున్నన్న నాయనమ్మ. మార్కెట్ కొట్లలో మత చిహ్నాలు ఉండకూడదని అసోసియేషన్ కిందటి నెల తీర్మానం చేసింది. తీర్మానం మార్కెట్ మొత్తానికి. తీయమని చెప్పింది మాత్రం ఒక్క సెలూన్‌కే.

మీటింగ్‌లో నున్నన్న లేచి నిలబడి అడిగాడు.

"అందరివీ తీయించండి. మొదటిది నేనే తీస్తాను. నీ గల్లాపెట్టె పైన ఉన్న దేవుడి పటం తీస్తావా?"

"దాని సంగతి వేరు," అన్నాడు అధ్యక్షుడు.

"ఎందుకు వేరు?"

"అది మొదట్నుంచీ ఉంది."

"మా నాయనమ్మ ఇది కుట్టేనాటికి నీ కొట్టు పునాది కూడా లేదు."

కార్యదర్శి అందుకున్నాడు. "అది కాదు నున్నన్నా. మా పటం చూస్తే ఏంటో తెలుస్తుంది. నీదేమో చదవడం రాదు. అందులో ఏం రాసుందో ఎవరికి తెలుసు?"

"అర్థం చెప్పనా?"

"అక్కర్లేదు."

"మరి తెలుసుకోవాలనేగా అడిగావు?"

కొందరు నవ్వారు. తీర్మానం మాత్రం పాసైంది. నున్నన్న చెయ్యి ఎత్తలేదు. అతని పక్క కొట్టు ఆవిడ కూడా ఎత్తలేదు. ఆమెను అందరూ జిరాక్సమ్మ అంటారు.

ఇంట్లో కూడా వాదన జరిగింది. నున్నన్న భార్య తీసేయమంది.

"గోడ మీద లేకపోతే మనసులోంచి పోతుందా? ఇంటికి తెచ్చి పెట్టుకుందాం."

"మా నాన్న అలాగే తెచ్చి పెట్టాడు."

అది ఆమెకూ తెలుసు. నున్నన్న తండ్రికి పాత మార్కెట్‌లో సెలూన్ ఉండేది. అప్పుడూ ఒక అసోసియేషన్ ఉండేది, అప్పుడూ పటం తీయమన్నారు. తండ్రి మారు మాట్లాడకుండా తీసి, ఇంటికి తెచ్చి పరుపు కింద పెట్టాడు. తర్వాతి వారం జరిగిన గొడవల్లో పాత మార్కెట్‌లోని ముస్లింల కొట్లన్నీ తగలబడ్డాయి. సెలూన్ కూడా తగలబడింది. పోలీసులు కేసు పెట్టారు. ఎవరికీ శిక్ష పడలేదు. పరుపు కింద ఉన్న పటం మిగిలింది.

"మామయ్యగారు తీశారు కాబట్టే పటం దక్కింది," అంది భార్య.

"కొట్టు దక్కలేదు."

"నేను చెప్పేదీ అదే. వాళ్లకు కోపం వస్తే కొట్టు పోతుంది."

"కోపం రాకుండా చూసుకున్నాడు మా నాన్న. అయినా పోయింది. తీస్తే ఊరుకుంటారనుకున్నాడు. ఊరుకున్నారా?"

ఆమె ఒప్పుకోలేదు.

బుధవారం నాటి కస్టమర్ గురించి చెప్పాలి. ఆయన లెక్కల మాస్టారు, రిటైరై చాలాకాలమైంది. ఆయన తల ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. నరాల జబ్బు. ఎదుటివాడు ఏం చెప్పినా కాదు కాదు అంటున్నట్టే ఉంటుంది. ఊగే తల మీద కత్తి పెట్టడానికి మిగతా సెలూన్ల వాళ్లు ఒప్పుకోరు. కొడుకు ఒక మిషన్ కొనిచ్చాడు. దానితో గీసుకుంటే చెంపల మీద అక్కడక్కడ వెంట్రుకలు మిగిలిపోతున్నాయి.

నున్నన్న పద్ధతి వేరు. ఎడమచేతి రెండు వేళ్లు దవడ కింద ఆనించి, తల ఎటు పోతే చెయ్యి అటు పోనిస్తాడు. ఊపు ఒక చివరకు వచ్చి తిరిగేటప్పుడు కత్తి ఎత్తుతాడు. ఒకసారి కిందికి గీసి, వేడి టవల్ వేసి, రెండోసారి పైకి గీస్తాడు. ఇందుకు మామూలు మనిషికి పట్టేదానికి రెట్టింపు సేపు పడుతుంది. సగం గీసిన గడ్డంతో కస్టమర్‌ను కుర్చీలోంచి లేపకూడదన్నది తండ్రి దగ్గర నేర్చుకున్న నియమం. పాత మార్కెట్‌లో గొడవ మొదలైన రోజున కూడా తండ్రి చేతిలో ఉన్న గడ్డం పూర్తి చేశాకే బయటికి పరిగెత్తాడని ఇంట్లో చెప్పుకుంటారు.

మాస్టారు రోజు విడిచి రోజు వస్తారు. ఇంట్లో లైబ్రరీకి అని చెప్పి వస్తారు. ఎందుకంటే అధ్యక్షుడు ఆయన కొడుకు. నున్నన్న కొట్టుకు ఎవరూ వెళ్లొద్దని కొడుకు వారం రోజులుగా మార్కెట్ అంతా తిరిగి చెబుతున్నాడు.

అధ్యక్షుడు, కార్యదర్శి సెలూన్ గుమ్మంలోకి వచ్చేసరికి మొదటిసారి గీయడం అయిపోయి, మాస్టారి ముఖం మీద టవల్ పడింది. నల్లటి గుడ్డ మెడ నుంచి మోకాళ్ల దాకా కప్పి ఉంది. టవల్ కింద తల ఊగుతూనే ఉంది.

"గడువు అయిపోయింది నున్నన్నా," అన్నాడు అధ్యక్షుడు. "తీస్తావా, మమ్మల్ని తీయమంటావా?"

"కొట్టు నాది. చెయ్యి వేస్తే నీ మీద కేసు పెడతాను."

"మేం చెయ్యి వేయం. కొట్టు మూస్తాం. బయటికి రండి ఇద్దరూ."

"గడ్డం సగంలో ఉంది. సగం గడ్డంతో మనిషిని బజార్లోకి పంపను."

కార్యదర్శి కుర్చీ వైపు చూశాడు. "పాపం ఎవరో గానీ ఎలా వణుకుతున్నాడో చూడండి. ఓ పెద్దమనిషీ, భయపడకండి. మా గొడవ మీతో కాదు."

టవల్ కింద నుంచి జవాబు రాలేదు.

"వీడి చేతిలో కత్తి ఉంటే ఎవరికైనా వణుకే," అన్నాడు అధ్యక్షుడు, పటం మీంచి చూపు తిప్పకుండా. "సరే. ఇద్దరూ లోపలే ఉండండి. పటం తీశాక తట్టు. తాళం తీస్తాను."

షట్టర్ కిందికి వచ్చింది. తాళం పడిన చప్పుడైంది. వెళ్తూ కార్యదర్శి బయట ఉన్న కరెంటు బోర్డులోంచి ఫ్యూజు పీకాడు. లోపల ట్యూబ్‌లైటు ఆరింది. వెనక గోడకు ఫ్యాను కోసం కొట్టిన రంధ్రంలోంచి వచ్చే వెలుతురే మిగిలింది.

మాస్టారు టవల్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"విన్నావా, నా కొడుకు గొంతే."

"విన్నాను మాస్టారూ."

"నేనున్నానని చెప్పి ఉంటే వదిలేసేవాడు కదయ్యా?"

"వదిలేసేవాడే."

"మరి చెప్పలేదేం?"

నున్నన్న పళ్లెంలో సబ్బు నురగ కలుపుతున్నాడు. "మీరు లైబ్రరీలో ఉన్నారు కదా మాస్టారూ. నేనెలా చెప్పను?"

మాస్టారికి నవ్వొచ్చింది. వెంటనే ఆగిపోయింది. "వేళాకోళం వద్దు. ఇప్పుడైనా చెప్పు. తట్టి చెప్పు, మీ నాన్న ఉన్నాడు లోపల అని."

"మీరు తట్టండి. మీ చెయ్యి, మీ నోరు, మీ ఇష్టం. నేను ఆపను. నేను మాత్రం తట్టను. మీ పేరు చెప్పి బయటికి రాను."

"ఏం?"

"ఇవాళ మీరున్నారని షట్టర్ తీస్తాడు. రేపు కుర్చీలో మీరుండరు. రేపెవరి పేరు చెప్పను? మార్కెట్‌లో ఎవరో ఒకరి నాన్నను ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టుకుని ఉండాలా నేను?"

మాస్టారు షట్టర్ వైపు చూశారు. లేవలేదు. ఆయన తట్టకపోవడానికి కారణం భయమా, సిగ్గా, ఇంకేమైనా ఉందా అన్నది ఆయన తర్వాత కూడా చెప్పలేదు. ఒకే మాట అన్నారు.

"ముందు గడ్డం కానీ."

నున్నన్న కుర్చీని వెనక గోడ వైపు, వెలుతురు పడేలా తిప్పాడు. దవడ కింద రెండు వేళ్లు ఆనించాడు. రెండోసారి పైకి గీయడం మొదలుపెట్టాడు. మసక వెలుతురులో చూపు కంటే వేళ్లే ఎక్కువ పనిచేశాయి. చెవి దగ్గర ఒక చోట చాలాసేపు ఆగాడు.

"ఏమైంది?"

"ఊపు తిరగనీయండి మాస్టారూ. ఇవాళ కొంచెం జోరుగా కాదంటున్నారు."

గోడకు అవతలి వైపు నుంచి జిరాక్సమ్మ కేక వేసింది. ఆ రెండు కొట్ల మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ.

"నున్నన్నా! బతికే ఉన్నావా?"

"ఉన్నాను అక్కా! నీ మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది!"

"మీ ఆవిడకు ఫోన్ చేశాను! పోలీసులకు కూడా చేశాను! నీ పేరు ఏంటని అడిగారు, నున్నన్న అన్నాను, పెట్టేశారు! మళ్లీ చేసి బోర్డు చూసి చెప్పాను!"

"చెబితే వస్తామన్నారా?"

"ఆ పేరు విన్నాక చూద్దాం అన్నారు! మూడోసారి చేసి లోపల ముసలాయన ఇరుక్కున్నాడని చెప్పాను! వస్తున్నారు!"

నున్నన్న కత్తి తుడిచి, చెంపను వేళ్ల వెనకవైపుతో తడిమాడు. "నున్నగా వచ్చింది," అన్నాడు. అలవాటుగా చేతి అద్దం ఎత్తి చూపించాడు. ఆ మసకలో అద్దంలో ముఖం సరిగ్గా కనిపించలేదు.

భార్య వచ్చి షట్టర్ బయట నిలబడింది. లోపలికి వినిపించేలా వంగి మాట్లాడింది.

"తీశారా?"

"లేదు."

నున్నన్న షట్టర్ దగ్గరికి వెళ్లి చెవి ఆనించాడు.

"నేను వచ్చే దారిలో ఆ ఫోన్ల కొట్టు అతను ఎదురొచ్చాడు," అంది. "వదినా, మీ ఆయనకు చెప్పు, పటంతో పాటు ఆ నమాజు టోపీ కూడా ఇంట్లో పెట్టేసి వస్తే ఇంక ఏ గొడవా ఉండదు అన్నాడు."

"టోపీ సంగతి తీర్మానంలో లేదే."

"అదే అడిగాను. లేదు వదినా, మంచికే చెబుతున్నా అన్నాడు. టోపీ అన్నాడు గానీ అతని చూపు నా తల మీద ఉంది." తలకు చుట్టుకున్న గుడ్డ గురించి అంటోంది. "మీరు తీయకండి."

"నిన్నటిదాకా తీయమన్నావు."

"నిన్న ఒక్క పటమే అనుకున్నాను. వినబడిందా? తీయకండి. అన్నం తెచ్చాను. షట్టర్ కింద నుంచి పట్టదు. తాళం తీసేదాకా ఇక్కడే కూర్చుంటాను."

జిరాక్సమ్మ స్టూలు ఇచ్చింది. భార్య షట్టర్‌కు వీపు ఆనించి, ఒళ్లో అన్నం క్యారేజీ పెట్టుకుని కూర్చుంది. కార్యదర్శి ఒకసారి వచ్చి చూసి వెళ్లాడు. మార్కెట్‌లో జనం పోగయ్యారు. పళ్లబండి అతను సెలూన్ ముందు బండి ఆపితే అధ్యక్షుడి కొట్లో పనివాళ్లు వచ్చి పక్కకు తీయించారు. అతను ఆ చివర దాకా వెళ్లి, తిరిగొచ్చి మళ్లీ అక్కడే ఆపాడు.

అధ్యక్షుడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లాడు. తాళం చెవి జేబులోనే ఉంది. నాన్న ఇంకా లైబ్రరీ నుంచి రాలేదని అధ్యక్షుడి భార్య చెప్పింది. లైబ్రరీకి బుధవారం సెలవని అప్పుడు గుర్తొచ్చింది. చెయ్యి కడుక్కోకుండానే లేచాడని ఆమె తర్వాత ఇరుగుపొరుగుకు చెప్పింది. లైబ్రరీకి వెళ్లి చూశాడు. మూసి ఉంది. మాస్టారికి తెలిసినవాళ్ల ఇళ్లకు ఫోన్లు చేశాడు. అప్పుడే కార్యదర్శి ఫోన్ చేసి, సెలూన్ దగ్గరికి పోలీసులు వచ్చారని చెప్పాడు.

వచ్చింది ఒక హెడ్ కానిస్టేబుల్. అధ్యక్షుడు రాగానే తాళం తీయమన్నాడు. అధ్యక్షుడు జేబులోంచి చెవి తీసే ముందు అన్నాడు. "ముందు పటం తీశాడో లేదో కనుక్కోండి."

"లోపల మనుషులుండగా తాళం వేశావా లేదా?"

"అతనే రానన్నాడు సార్."

"తియ్యి."

నున్నన్న భార్య స్టూలు పక్కకు జరుపుకుంది. అధ్యక్షుడు తాళం తీశాడు. షట్టర్ పైకి లేచింది. నున్నన్న కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. కుర్చీలోంచి మాస్టారు లేచి, గుడ్డ మీది వెంట్రుకలు దులిపి, గుమ్మంలోకి వచ్చారు. తల ఊగుతోంది.

"నాన్నా?" అన్నాడు అధ్యక్షుడు. "మీరా లోపల? తట్టొచ్చు కదా! ఒక్క కేక వేస్తే సరిపోయేది కదా!"

"పటం తీశాక తట్టమన్నావు కదరా," అన్నారు మాస్టారు.

జనంలో ఎవరో పెద్దగా నవ్వారు. అధ్యక్షుడు నున్నన్న వైపు తిరిగాడు.

"మా నాన్న ఉన్నారని నువ్వు చెప్పాలి కదా! చెబితే అప్పుడే తీసేవాణ్ణి!"

"తెలుసు," అన్నాడు నున్నన్న. "అందుకే చెప్పలేదు."

హెడ్ కానిస్టేబుల్ మాస్టారి ముందుకు వచ్చాడు. "ఈ సెలూన్ అతను మిమ్మల్ని లోపల ఆపేశాడా?"

మాస్టారి తల అటూ ఇటూ ఊగింది. కానిస్టేబుల్ రాసుకోబోయాడు.

"తల చూసి రాయకండి," అన్నారు మాస్టారు. "నోటితో చెబుతాను, అది రాసుకోండి. ఇతను ఆపలేదు. తాళం వేసింది వీడు. నా కొడుకు."

"నాన్నా, ఇంటికి పదండి," అన్నాడు అధ్యక్షుడు.

"చెప్పింది రాసుకున్నారా?" అన్నారు మాస్టారు కానిస్టేబుల్‌తో. రాసుకున్నాక కొడుకు వెంట వెళ్లారు. దారిలో ఇద్దరూ మాట్లాడుకోవడం ఎవరూ చూడలేదు.

కానిస్టేబుల్ తాళాన్ని రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. నున్నన్నను పక్కకు పిలిచి, పొరపాటున తాళం పడిందని రాసిస్తే అందరికీ మంచిదన్నాడు.

"పొరపాటున పడే తాళం ఎక్కడైనా చూశారా సార్?"

"రేపూ ఇక్కడే కొట్టు నడుపుకోవాలి కదా నువ్వు."

"నడుపుకోవడానికే రాస్తున్నాను."

భార్యను కుర్చీలో కూర్చోబెట్టి, షట్టర్ తెరిచే ఉంచమని చెప్పి, నున్నన్న స్టేషన్‌కు వెళ్లాడు. ఇద్దరి పేర్లతో ఫిర్యాదు రాసిచ్చాడు. పటం తీయమని బెదిరించారని, తాను నిరాకరిస్తే తాళం వేశారని, కరెంటు పీకారని, టోపీ కూడా తీయమన్నారని రాశాడు. సాక్షుల కింద జిరాక్సమ్మ సంతకం చేసింది. పళ్లబండి అతను వేలిముద్ర వేశాడు. ఫిర్యాదు తీసుకున్నారు. కేసు నమోదైందో లేదో ఆ రోజు చెప్పలేదు.

అతను తిరిగి వచ్చేసరికి భార్య అక్కడే ఉంది. క్యారేజీ తెరవలేదు. ఫ్యూజు లేని బోర్డులో జిరాక్సమ్మ స్టేషన్‌కు బయలుదేరే ముందే తన కొట్లోంచి తెచ్చిన ఫ్యూజు పెట్టింది. లైటు వెలుగుతోంది.

గురువారం అసోసియేషన్ రెండో నోటీసు సెలూన్ షట్టర్ మీద అంటించింది. తీర్మానం అమల్లోనే ఉందని అందులో ఉంది. నోటీసు మీద అధ్యక్షుడి సంతకం లేదు, కార్యదర్శి సంతకం ఉంది. నున్నన్న దాన్ని చింపలేదు. షట్టర్ పైకి ఎత్తాడు, నోటీసు షట్టర్‌తో పాటు పైన చుట్టుకుపోయింది. ఆ రోజు కస్టమర్లు తక్కువ.

శుక్రవారం ఉదయం మాస్టారు వచ్చారు. ఇంట్లో ఎక్కడికని చెప్పి వచ్చారో తెలియదు. కొడుకు కొట్టు ముందు నుంచే నడిచి వచ్చారు. ఆ సమయానికి అధ్యక్షుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. గల్లాపెట్టె పైన పటం, దాని ముందు చిన్న బల్బు ఎప్పటిలాగే ఉన్నాయి. నున్నన్న మాస్టారికి రెండుసార్లు గీసి, మధ్యలో టవల్ వేశాడు. ఈసారి షట్టర్ తెరిచే ఉంది.

మధ్యాహ్నం నమాజుకు నున్నన్న టోపీ పెట్టుకుని మసీదుకు వెళ్లాడు. అతను వచ్చేదాకా భార్య సెలూన్‌లో ఉంది. ఆ వ్యవధిలో ఆమె స్టూలు ఎక్కి, అద్దం పైనున్న పటాన్ని దించి, గాజు తుడిచి, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడకు మేకు కొట్టి తగిలించింది. ఇప్పుడది బజార్లోంచి కనిపిస్తుంది.